మీ ఆటకు తగిన గోల్ఫ్ రేంజ్‌ఫైండర్‌ను ఎంచుకోవడం ఎలా?

గోల్ఫ్ రేంజ్‌ఫైండర్ చేసే పని ఒక్కటే. బంతి ఉన్న చోటి నుంచి మీరు గురిపెట్టిన చోటికి ఎంత దూరం ఉందో అది చెబుతుంది. ఆ దూరానికి ఏ క్లబ్ (బంతిని కొట్టే కర్ర) తీయాలో, ఆ క్లబ్‌తో మీరు కొట్టిన బంతి ఎంత దూరం పోతుందో మాత్రం సాధారణంగా చెప్పదు. ఆ లెక్క మీ దగ్గర ముందే ఉండాలి. హైదరాబాద్ గోల్ఫ్ కోర్సులలో ఖరీదైన లేజర్ పరికరంతో, బంతిని వేయవలసిన రంధ్రంలో నాటిన జెండా 148 గజాల దూరంలో ఉందని కచ్చితంగా తెలుసుకుని, ఆ తర్వాత ఎప్పటిలాగే అందాజుగా క్లబ్ తీసి కొట్టేవారు తరచుగా కనిపిస్తారు. మీ క్లబ్బుల దూరాలు మీకు ఎంత నిలకడగా తెలుసు, కోర్సులో ఏ దూరం తెలియక మీరు ఎక్కువ స్ట్రోకులు పోగొట్టుకుంటున్నారు అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఏ పరికరం కొనాలన్నది దాదాపుగా తేలిపోతుందని నా అభిప్రాయం.

ముందు మీ దూరాలు తెలుసుకోండి

డ్రైవింగ్ రేంజ్‌లో ఒక్కో క్లబ్‌తో పదేసి బంతులు కొట్టి, బాగా తప్పిపోయిన రెండింటిని వదిలేసి, మిగిలినవి ఎక్కువగా పడ్డ చోటును రాసుకోండి. చూడవలసింది బంతి దొర్లి ఆగిన చోటు కాదు, గాలిలో ప్రయాణించి మొదట నేలను తాకిన చోటు. గోల్ఫర్లు క్యారీ అనే ఈ దూరమే బంకర్‌ను (ఇసుక గుంటను) దాటించేది, జెండా ఉండే నున్నటి గడ్డి భాగమైన గ్రీన్ మీదకు చేర్చేది. రేంజ్‌లో ఇచ్చే బంతులు చాలాసార్లు అరిగిపోయి ఉంటాయి, మంచి బంతుల కన్నా కొంత తక్కువ దూరం పోతాయి. అందువల్ల రేంజ్‌లో వచ్చిన అంకెను కోర్సులో మీ సొంత బంతులతో సరిచూసుకోవడం అవసరం.

ఇంటర్నెట్‌లో దొరికే క్లబ్బుల దూరాల పట్టికలను నమ్ముకోకపోవడం మంచిది. అవి ఇంకెవరి స్వింగ్‌కో సంబంధించినవి, పైగా చాలావరకు సముద్రమట్టానికి దగ్గరగా కొలిచినవి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడి బంతికి నిరోధం తగ్గుతుంది కాబట్టి, ఇక్కడ బంతి సముద్రమట్టంలో కన్నా దాదాపు రెండు శాతం ఎక్కువ దూరం పోతుంది. అంటే 150 గజాల షాట్‌కు మూడు గజాలు, 250 గజాల డ్రైవ్‌కు అయిదు గజాలు. ఇక్కడ కుదిరిన లెక్కతో విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ కోర్సుకు వెళ్లినవారి బంతి గ్రీన్‌కు కాస్త ముందే పడుతుంటే, అందులో కొంత భాగం గాలి సాంద్రతది.

ఇలా రాసుకున్న పట్టికలో ఒక్కో క్లబ్‌కు ఎదురుగా కనిపించే తేడాయే మీ కొనుగోలుకు మొదటి సూచన. సెవెన్ ఐరన్ అనే మధ్యస్థ దూరపు క్లబ్‌తో మీ బంతి ఒకసారి 125 గజాలు, ఇంకోసారి 145 గజాలు పోతుంటే, జెండా 137లో ఉందా 139లో ఉందా అన్న తేడా ప్రస్తుతానికి మీకు ఉపయోగపడదు. గ్రీన్ ముందు అంచు ఎంత దూరంలో ఉంది, వెనుక అంచు ఎక్కడ ముగుస్తుంది, దారిలో బంకర్ ఉంటే దాన్ని దాటడానికి ఎంత కొట్టాలి అన్న మూడు అంకెలు మీకు ఎంతో మేలు చేస్తాయి. ఈ మూడింటినీ జీపీఎస్ పరికరం ఒక్క చూపులో ఇస్తుంది. అదే మీ ఐరన్ షాట్లు నాలుగైదు గజాల తేడాలో పడుతున్నాయంటే, జెండాకు కచ్చితమైన దూరం ఇచ్చే లేజర్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

జీపీఎస్ ఎవరికి, లేజర్ ఎవరికి

జీపీఎస్ పరికరాలు చేతి గడియారం రూపంలోనూ, జేబులో పట్టే చిన్న యంత్రంగానూ, ఫోన్ యాప్‌గానూ దొరుకుతాయి. ఉపగ్రహాల సాయంతో మీరు నిలబడ్డ చోటును గుర్తించి, ముందే నిక్షిప్తం చేసిన కోర్సు మ్యాప్‌తో పోల్చి, గ్రీన్ ముందు భాగానికి, మధ్యకు, వెనుక భాగానికి దూరాలు చూపిస్తాయి. మీ స్థానాన్ని గుర్తించడంలో మూడు నుంచి అయిదు మీటర్ల వరకు తేడా ఉండవచ్చు. మలుపు తిరిగిన హోల్స్‌లో (ఆట మొదలుపెట్టే చోటి నుంచి గ్రీన్ వరకు సాగే దారుల్లో), గుట్ట అడ్డొచ్చి గ్రీన్ కనిపించని చోట్ల ఇవే దిక్కు, ఎందుకంటే లేజర్‌కు కనిపించని దాన్ని కొలిచే మార్గం లేదు. పొగమంచులోనూ ఇవి యథావిధిగా పనిచేస్తాయి.

జీపీఎస్‌కు ఉన్న ప్రధాన పరిమితి ఏమిటంటే, ఆ రోజు జెండాను గ్రీన్‌లో ఎక్కడ నాటారో దానికి తెలియదు. గ్రీన్ ముందు నుంచి వెనుకకు 30 గజాల లోతు ఉందనుకుంటే, జెండా ముందుండడానికీ వెనుకుండడానికీ మధ్య రెండు, మూడు క్లబ్బుల తేడా వస్తుంది. చాలా కోర్సులలో జెండా రంగును బట్టి అది గ్రీన్ ముందు భాగంలో ఉందో, మధ్యలో ఉందో, వెనుక ఉందో చెప్పే పద్ధతి ఉంది. మీ కోర్సులో ఏ రంగుకు ఏ అర్థమో, ఆట మొదలయ్యే చోట ఉండే స్టార్టర్‌ను అడిగి తెలుసుకుంటే గడియారం చూపే మూడు అంకెలలో దేన్ని తీసుకోవాలో సులభంగా తేల్చుకోవచ్చు.

జీపీఎస్ కొనేముందు తప్పనిసరిగా చేయవలసిన పరిశీలన ఇంకొకటి ఉంది. మీరు ఆడే కోర్సు ఆ కంపెనీ మ్యాపుల జాబితాలో ఉందో లేదో, ఉంటే ఇప్పుడున్న రూపంలోనే ఉందో లేదో చూడాలి. గోల్కొండ నయా ఖిల్లా లోపలి హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సు, గచ్చిబౌలి వైపున్న బౌల్డర్ హిల్స్, సికింద్రాబాద్‌లో సైన్యం నడిపే కోర్సు, ఇలా మీరు తిరిగే ప్రతి కోర్సు పేరునూ కంపెనీ వెబ్‌సైట్‌లో విడివిడిగా వెతకండి. గ్రీన్‌ను మరమ్మతు కోసం మూసి తాత్కాలిక గ్రీన్ మీద ఆడించే రోజుల్లో ఏ మ్యాపూ అక్కరకు రాదు. నెలవారీ చందా కడితేనే పూర్తి మ్యాపులు ఇచ్చే యాప్‌లు కూడా ఉన్నాయి, ఆ ఖర్చును కూడా పరికరం ధరలో కలుపుకుని చూడాలి.

ఇక లేజర్ సంగతి. ఇది కంటికి కనిపించని కాంతి స్పందనలను పంపి, అవి తగిలి తిరిగి వచ్చే సమయాన్ని కొలిచి దూరాన్ని లెక్కిస్తుంది. 150 గజాల దూరానికి వెళ్లి తిరిగి రావడానికి కాంతికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. ఒక్క గజం తేడాను పసిగట్టాలంటే సెకనులో వంద కోట్ల వంతులు ఆరింటిని లెక్కపెట్టగలగాలి. అంత సూక్ష్మమైన పని చేసే యంత్రం అరచేతిలో పట్టేంత చిన్నదిగా, కొన్ని వేల రూపాయల నుంచే దొరకడం నిజంగా గొప్ప విషయం. నాణ్యమైన పరికరాలు ఒక గజం అటూ ఇటూగా దూరం చెబుతాయి, ఎదురుగా కనిపించే దేనికైనా చెబుతాయి, మ్యాపుతో పని లేదు.

బౌల్డర్ హిల్స్ లాంటి కోర్సులో ఇది ఎంతగానో ఉపకరిస్తుంది. అక్కడ గ్రానైట్ బండల మధ్య నుంచి ఆట సాగుతుంది కాబట్టి, ఫలానా బండకు ముందు బంతిని ఆపాలంటే ఎంత కొట్టాలి, దాన్ని దాటించాలంటే ఎంత కొట్టాలి అన్నది అప్పటికప్పుడు కొలుచుకోవచ్చు. జీపీఎస్ మ్యాపులో బంకర్లు, నీళ్లు ఉంటాయి గానీ ప్రతి బండా, ప్రతి చెట్టూ ఉండదు.

రెండింటిలో ఒక్కటే కొనగలిగితే, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు) 18కి పైబడి వారానికి ఒకసారి ఆడేవారికి జీపీఎస్ గడియారాన్నే నేను ముందు సూచిస్తాను. ఇలాంటి ఆటగాళ్ల షాట్లు ఎక్కువగా గ్రీన్‌కు ముందే పడిపోతాయి. జెండాను చూసి క్లబ్ తీయడం మానుకుని, గ్రీన్ మధ్యకో వెనుక భాగానికో సరిపడే క్లబ్ తీయడం మొదలుపెడితే స్కోరు దానంతటదే మెరుగుపడుతుంది. ఆ అలవాటును గడియారం నేర్పినట్టుగా లేజర్ నేర్పదు, ఎందుకంటే లేజర్ చూపును జెండా మీదనే కట్టిపడేస్తుంది. హ్యాండిక్యాప్ పది, పన్నెండు లోపున ఉండి, దగ్గరి దూరాలకు వాడే వెడ్జ్ క్లబ్బులతో 60, 75, 90 గజాల షాట్లను వేరువేరుగా సాధన చేసేవారికి మాత్రం లేజరే సరైనది. గార్మిన్ అప్రోచ్ జెడ్82 లాగా లేజర్ చూపులోనే కోర్సు మ్యాపును కూడా చూపే పరికరాలు లేకపోలేదు. వాటి ధర ఎక్కువ, తెర మీద సమాచారమూ ఎక్కువే, తక్కువ సమాచారంతో త్వరగా నిర్ణయం తీసుకునే స్వభావం ఉన్నవారికి అవి అంతగా నప్పవు.

బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే క్యాడీని పెట్టుకుని ఆడేవారికి ఇవేవీ అవసరమా అన్న సందేహం సహజం. ఏళ్ల తరబడి ఒకే కోర్సులో తిరిగిన క్యాడీ చెప్పే దూరం చాలాసార్లు గజం రెండు గజాల తేడాలోనే ఉంటుంది, అయితే అది ఎక్కువగా గ్రీన్ మధ్యకు చెప్పే దూరం. పైగా “వన్ ఫార్టీ ఉంది సార్, వన్ ఫిఫ్టీ కొట్టండి” అన్నప్పుడు ఆయన గాలిని, ఎత్తును, మీ అలవాటును కూడా కలిపే చెబుతున్నాడు. ఆ పది గజాలు ఎందుకు కలిపాడో అడిగి తెలుసుకుంటే పరికరం చెప్పలేనిది ఎంతో నేర్చుకోవచ్చు. అంకె కోసం పరికరాన్ని, ఆ అంకెను ఎలా ఆడాలో తెలుసుకోవడానికి క్యాడీని నమ్ముకోవడం మంచి పద్ధతి.

లేజర్‌ను కొనేముందు పరీక్షించే తీరు

పెట్టె మీద ‘1000 గజాల వరకు కొలుస్తుంది’ అని రాసి ఉంటే దాన్ని చూసి మోసపోవద్దు. ఆ దూరం అద్దంలాగా కాంతిని తిప్పికొట్టే పెద్ద వస్తువుకు వర్తిస్తుంది. సన్నని కర్రకు, గాలిలో ఊగే గుడ్డకు ఆ పరికరమే 300 లేదా 400 గజాల దగ్గర ఆగిపోతుంది. మనకు కావలసింది 250 గజాల లోపు జెండాను తడబడకుండా పట్టుకోవడం. లేజర్‌ల మధ్య అసలు నాణ్యతాభేదం ఇక్కడే బయటపడుతుంది.

పరికరం నుంచి బయలుదేరిన కాంతి దూరం పోయే కొద్దీ వెడల్పుగా పరుచుకుంటుంది. 150 గజాల దగ్గర దానిలో కొంత భాగం జెండాకర్రకు తగిలితే, మిగిలింది వెనుక ఉన్న చెట్టుకో, బండకో, గోడకో తగిలి తిరిగి వస్తుంది. వచ్చిన రెండు జవాబులలో దగ్గరిదాన్ని ఎంచుకోవడమే గోల్ఫ్ పరికరాల్లో జెండాను పట్టే విధానం. పట్టుకోగానే కొన్ని పరికరాలు చేతిలో సన్నగా వణుకుతాయి. బుష్‌నెల్ కంపెనీ దీన్ని జోల్ట్ అంటుంది. ఈ వణుకు వల్ల కొలత మరింత కచ్చితం కాదు గానీ, కొలిచింది జెండానే అన్న నమ్మకం కలుగుతుంది, దానివల్ల స్వింగ్‌లో సంశయం తగ్గుతుంది. వేట కోసం తయారైన రేంజ్‌ఫైండర్లు ఇందుకు భిన్నంగా, పొదల వెనుక ఉన్న జంతువును కొలవడం కోసం దూరపు వస్తువుకే ప్రాధాన్యమిస్తాయి. ధర తక్కువగా ఉందని అలాంటిది కొంటే జెండాకు బదులు దాని వెనుక చెట్టు దూరం చెబుతుంది. భవన నిర్మాణంలో వాడే ఎర్రచుక్క లేజర్ టేపులు ఎండలో ఈ దూరాలకు అసలు పనికిరావు.

దుకాణంలో అద్దం వెనుక నిలబడి పరీక్షించి లాభం లేదు, అద్దం కాంతిని తిప్పికొడుతుంది. తోటి ఆటగాడి పరికరాన్ని అడిగి తీసుకునైనా సరే, కోర్సులో పరీక్షించి చూడండి. వెనుక చెట్లున్న ఒక గ్రీన్‌ను ఎంచుకుని, 150 గజాల గుర్తు దగ్గర నిలబడి, ముందుగా గ్రీన్ ముందున్న బంకర్ అంచును కొలవండి, తర్వాత జెండా వెనుక చెట్టును కొలవండి. బంకర్ 138 అని, చెట్టు 176 అని వచ్చిందనుకుంటే, జెండాకు వచ్చే అంకె ఈ రెండింటి మధ్యలో, గ్రీన్‌లో జెండా ఉన్న స్థానానికి పొసిగేలా ఉండాలి. ఇప్పుడు జెండాను పదిసార్లు కొలవండి. కనీసం తొమ్మిదిసార్లు ఒక గజం తేడాలో అదే అంకె వస్తే ఆ పరికరం మంచిది. మధ్యలో రెండు మూడుసార్లు 176 వచ్చిందంటే, దాని మీద ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు. బటన్‌ను నొక్కిపట్టి జెండా మీదుగా ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరిపినప్పుడు అంకెలు మారుతూ కనిపించే స్కాన్ సదుపాయం ఉంటే ఇంకా మేలు. 176, 176, 152, 176 అని వరుసగా వస్తే ఆ 152 దేనిదో చెప్పనవసరం లేదు.

కొన్ని కోర్సులలో జెండాకర్ర పైభాగాన చిన్న ప్రిజం అమర్చుతారు, అది కాంతిని నేరుగా వెనక్కి పంపుతుంది. అలాంటి కోర్సులో తక్కువ ధర లేజర్ కూడా చక్కగా పనిచేస్తుంది కాబట్టి, మీరు తరచుగా ఆడే చోట ప్రిజంలు ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

చెయ్యి వణికేవారు ఈ పరీక్షను మరింత శ్రద్ధగా చేయాలి. సాధారణంగా రేంజ్‌ఫైండర్లు దృశ్యాన్ని 6 రెట్లు పెద్దది చేసి చూపిస్తాయి, దానితోపాటే చేతి వణుకూ 6 రెట్లు అవుతుంది. 7 రెట్లు ఉన్నది దీనికన్నా మెరుగని అనుకోనక్కరలేదు. రెండో చేతితో టోపీ అంచును పట్టుకుని పరికరాన్ని దానికి ఆనించడం, మోచేతులను పక్కటెముకలకు ఆనించడం వంటి చిన్న పద్ధతులతో చాలావరకు కుదురు వస్తుంది. అయినా ఇబ్బంది ఉన్న పెద్ద వయసువారికి నికాన్ కూల్‌షాట్ ప్రో స్టెబిలైజ్డ్ లాగా దృశ్యాన్ని స్థిరంగా నిలిపే పరికరం కోసం అదనంగా ఖర్చు పెట్టడం సమంజసమే.

ఎత్తుపల్లాల లెక్క, నియమాల పరిమితి

స్లోప్ అనే సదుపాయం గురించి కొనేవారిలో చాలా అపోహ ఉంది. గ్రీన్ మీరు నిలబడ్డ చోటి కన్నా ఎత్తులోనో పల్లంలోనో ఉన్నప్పుడు, వంపు కోణాన్ని కూడా కొలిచి, ఎన్ని గజాల షాట్‌గా ఆడాలో చెప్పేదే స్లోప్. ఇదంతా త్రిభుజం లెక్క అని చాలామంది అనుకుంటారు. 150 గజాల దూరంలో, 10 గజాల ఎత్తులో జెండా ఉంటే, త్రిభుజం లెక్కన సమతల దూరం దాదాపు 149.7 గజాలు, తేడా అర గజం కూడా లేదు. అసలు తేడా బంతి దిగివచ్చే కోణం వల్ల వస్తుంది. ఐరన్‌తో కొట్టిన బంతి చివర్లో సుమారు 45 డిగ్రీల కోణంలో కిందికి దిగుతుంది. సమతలం మీద 150 గజాల దగ్గర పడవలసిన బంతి, నేల 10 గజాలు పైకి లేచి ఉండడంతో, దాదాపు 10 గజాలు ముందే నేలను తాకుతుంది. అందుకే ఆ షాట్‌ను 160 గజాలుగా ఆడాలి. పల్లానికి కొట్టేటప్పుడు దిగే కోణం ఇంకా నిటారుగా మారుతుంది కాబట్టి తగ్గించవలసింది కాస్త తక్కువ, ఎనిమిది తొమ్మిది గజాలు. బంతి వాలుగా దిగే పొడవాటి క్లబ్బులకు ఈ సవరణ ఎక్కువ, నిటారుగా దిగే వెడ్జ్‌కు తక్కువ. ఒక్కో కంపెనీ తనదైన సూత్రంతో ఈ లెక్క కడుతుంది గనుక రెండు పరికరాలు ఒకటి రెండు గజాల తేడాతో చెప్పినా ఆశ్చర్యపోనక్కరలేదు.

చదునైన కోర్సులోనే ఆడేవారికి స్లోప్ కోసం ఎక్కువ డబ్బు పెట్టవలసిన అవసరం కనిపించదు. ఎత్తుపల్లాలున్న చోట ఆడేవారికి, అందులోనూ కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఇది మంచి గురువు. సాధన చేసే రోజుల్లో ముందుగా మీరే కంటితో అంచనా వేసి, ఆ తర్వాత స్లోప్ అంకెను చూడండి. కొంతకాలానికి మీ అంచనా దానికి దగ్గరవుతుంది, పోటీలో ఆ అంచనాయే పనికొస్తుంది.

పోటీలో పనికొచ్చేది అంచనాయే అనడానికి కారణం నియమాలు. 2019 జనవరి 1 నుంచి అమలులో ఉన్న గోల్ఫ్ నియమావళిలోని 4.3ఎ నియమం ప్రకారం, పోటీ కమిటీ స్థానిక నియమం పెట్టి నిషేధిస్తే తప్ప దూరాన్ని కొలిచే పరికరాన్ని వాడుకోవచ్చు. ఎత్తు తేడాను కొలవడం, బంతి ఉన్న చోటును బట్టి ఏ క్లబ్ కొట్టాలో పరికరం చేత చెప్పించుకోవడం మాత్రం నిషిద్ధం. మొదటిసారి ఉల్లంఘిస్తే మొత్తం స్ట్రోకులను లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల శిక్ష, హోల్ వారీగా గెలుపోటములు లెక్కించే మ్యాచ్ ప్లేలో ఆ హోల్ ఓటమి. రెండోసారికి పోటీ నుంచి తొలగింపు. స్లోప్ ఉన్న పరికరం చేతిలో ఉండడం తప్పు కాదు, ఆ సదుపాయాన్ని వాడడమే తప్పు. అందువల్ల స్లోప్‌ను ఆపేసినట్టు బయటి నుంచే కనిపించే మీట ఉన్న పరికరాన్ని ఎంచుకుంటే, తోటి పోటీదారుకూ అనుమానం రాదు, మీకూ ప్రతిసారీ సంజాయిషీ ఇచ్చుకునే అవసరం ఉండదు. మెనూ లోపలికి వెళ్లి ఆపవలసిన పరికరాల్లో మరిచిపోయే ప్రమాదం ఎక్కువ. గడియారాల్లో, యాప్‌లలో వచ్చే క్లబ్ సలహాలకూ, ఎత్తు సవరణలకూ ఇదే నియమం వర్తిస్తుంది. పెద్ద పోటీల్లోనూ ఈ పరికరాల పట్ల వైఖరి మారింది. 2021లో అమెరికాలోని కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో దూరాన్ని కొలిచే పరికరాలను అనుమతించారు. మీ క్లబ్‌లో జరిగే మెడల్ రౌండ్ పోటీకి ముందు నోటీసు బోర్డు మీద స్థానిక నియమాలను ఒకసారి చదవడం మంచిది.

కన్ను, తెర, వాతావరణం

హైదరాబాద్‌లో ఎండాకాలం ఆట తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ మసక వెలుతురులో, ముదురు ఆకుపచ్చ చెట్ల నేపథ్యం మీద నల్ల అంకెలు చూపే ఎల్‌సీడీ తెరను చదవడం కష్టం. ఎర్రగా వెలిగే ఓఎల్ఈడీ అంకెలు అప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి, కానీ పది గంటల ఎండలో వెలుగు సరిపోక మాసిపోయే పరికరాలూ ఉన్నాయి. వెలుతురును బట్టి తీవ్రతను మార్చుకునే తెర ఉన్నదాన్ని ఎంచుకోండి, లేదా మీరు ఎక్కువగా ఆడే వేళలోనే పరీక్షించి నిర్ణయించుకోండి. పోలరైజ్డ్ చలువ కళ్లజోడు పెట్టుకునేవారికి కొన్ని ఎల్‌సీడీ తెరలు పూర్తిగా నల్లబడి కనిపిస్తాయి, ఇది కూడా ముందే చూసుకోవలసిన విషయం.

కళ్లజోడు ఉన్నవారు దాన్ని తీయకుండానే పరికరంలోకి చూసి, దృశ్యం అంచులు కత్తిరించినట్టు కాకుండా నిండుగా కనిపిస్తోందో లేదో గమనించాలి. కంటికీ కటకానికీ మధ్య ఉండవలసిన దూరం తక్కువగా ఉన్న పరికరాలు కళ్లజోడుతో వాడేవారికి నప్పవు. కంటి దగ్గర తిప్పే డయాప్టర్ చక్రంతో అంకెలు స్పష్టంగా కనిపించేలా సరిచేసుకోండి. చాలామంది ఆ చక్రం ఒకటి ఉందని గమనించక, పరికరమే మసకగా ఉందని తిరిగి ఇచ్చేస్తారు.

వానాకాలంలో ఆడేవారు నీటి రక్షణ స్థాయిని చూడాలి. ఐపీఎక్స్4 అంటే చినుకులకు తట్టుకుంటుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా పాడవదు. అయితే పరికరం తడిసినా పాడవకపోవడం వేరు, వానలో సరిగా కొలవడం వేరు; దట్టమైన వానా, డిసెంబరు, జనవరి తెల్లవారుజాము పొగమంచూ లేజర్ కాంతిని చెదరగొడతాయి. అలాంటి ఉదయాల్లో గడియారం ఉన్నవారే నయం. ఏసీ కారులోంచి తీసిన పరికరం బయటి తేమకు కటకం మీద ఆవిరి పట్టి కొంతసేపు పనికిరాదు కాబట్టి, ఆట మొదలయ్యే మొదటి టీ దగ్గరకు వెళ్లడానికి కొంత ముందే బ్యాగు బయట జేబులో పెట్టండి. మే నెల ఎండలో ఆపిన కారులో మాత్రం ఏ పరికరాన్నీ వదలవద్దు, వేడికి రీచార్జ్ బ్యాటరీలు త్వరగా చెడిపోతాయి.

బ్యాటరీ విషయంలో రెండు రకాలున్నాయి. సీఆర్2 అనే 3 వోల్టుల లిథియం బ్యాటరీ నెలల తరబడి వస్తుంది, అయిపోతే క్షణంలో మార్చుకోవచ్చు, కానీ ఇది ప్రతి కిరాణా కొట్టులో దొరికేది కాదు కనుక ఒకటి అదనంగా బ్యాగులో ఉంచుకోవాలి. యూఎస్‌బీ-సీతో చార్జ్ చేసేవి ఫోన్ వైరుతోనే నిండుతాయి. జీపీఎస్ గడియారం కొనేటప్పుడు, గోల్ఫ్ మోడ్‌లో ఎన్ని గంటలు వస్తుందో చూడండి. వారాంతాల్లో ఒక రౌండ్‌కు నాలుగున్నర గంటలు పట్టవచ్చు, బ్యాటరీ పాతబడే కొద్దీ సామర్థ్యం తగ్గుతుంది, అందుకే కనీసం రెండు రౌండ్‌లకు సరిపడేదాన్ని తీసుకోవాలి.

కొనుగోలు, ఆ తర్వాత

అమెరికాలో ఉన్న బంధువులు వచ్చేటప్పుడు తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలు. ధరలో కొంత కలిసివచ్చినా, అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి, చాలా కంపెనీలు కొన్న దేశానికే వారంటీని పరిమితం చేస్తాయి. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చేతి సంచిలోనే తీసుకురావాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే బ్యాటరీ గది మూత తెరిచి తుప్పు, పచ్చటి పొడి ఉన్నాయేమో చూడండి. కటకం లోపలి వైపు బూజు మచ్చలుంటే అది బాగుచేయించడం కష్టమైన లోపం.

మొదటిసారి కోర్సుకు తీసుకెళ్లే ముందు కొలమానం గజాల్లో ఉందో మీటర్లలో ఉందో సరిచూడండి. 150 మీటర్లంటే 164 గజాలు. ఈ ఒక్క పొరపాటుకు ఒకటిన్నర క్లబ్ తేడా వస్తుంది. తర్వాత 150 గజాల గుర్తు దగ్గర నిలబడి కొలిచి పోల్చండి, కానీ ఆ గుర్తులు ఎక్కువగా గ్రీన్ మధ్యకు లెక్కించినవని, జెండాకు కాదని గుర్తుంచుకోండి.

పరికరం వల్ల ఆట నెమ్మదించకూడదు. మీ వంతు వచ్చాక 40 సెకన్లలో షాట్ కొట్టాలని నియమావళి సూచిస్తోంది, కాబట్టి పక్కవారు ఆడుతున్నప్పుడే, వారికి అడ్డం కాకుండా, మీ దూరాన్ని చూసి పెట్టుకోండి. ఒకరికొకరు దూరం చెప్పుకోవడం నియమాల ప్రకారం సలహా కిందికి రాదు, అది అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే. ఏ క్లబ్ కొట్టాలో చెప్పడం మాత్రం సలహా అవుతుంది. అందువల్ల నలుగురు కలిసి ఆడే జట్టులో ప్రతి ఒక్కరూ ఒక్కో లేజర్ కొనవలసిన పని లేదు. ఒకరి దగ్గర లేజర్, ఇంకొకరి చేతికి జీపీఎస్ గడియారం ఉండి, జెండా దూరం ఒకరు, గ్రీన్ వెనుక అంచు దూరం మరొకరు పైకి చెబుతుంటే నలుగురికీ సరిపోతుంది. ఎవరు ఏది చూస్తారో మొదటి టీ దగ్గరే మాట్లాడుకోండి.